గులాబీ గీత

జూన్ 3

ఈ డైరీ నా కోసమే. ఇంట్లో మాట్లాడే నోరు ఒక్కటే మిగిలింది, అది నాది. గోడలతో మాట్లాడితే పిచ్చి పట్టిందంటారు. రాసుకుంటే ఎవరూ ఏమీ అనరు.

ఇవాళ మా ఆవిడను మాటల టీచరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. పక్షవాతంతో మాట పడిపోయిన వాళ్ళకు మళ్ళీ మాటలు నేర్పే అమ్మాయి. ఆమెకు అసలు పేరేదో ఉంది గానీ నేను పెట్టిన పేరు ఇదే. మా ఆవిడకు చెయ్యీ కాలూ తిరిగొచ్చాయి. మాటే రాలేదు. నలభై ఏళ్ళు నన్ను ఉతికి ఆరేసిన నోరు, ఇప్పుడు ఒక చిన్న మాట కోసం తడుముకుంటోంది.

టీచరమ్మ టమాటా బొమ్మ చూపించింది. మా ఆవిడ చాలాసేపు చూసి “ఎర్ర...” అంది. ఆగింది. మళ్ళీ “టమా...” అంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“చూశారా సార్, ఆంటీ ముందు రంగును పట్టుకుంటున్నారు, దాని వెంట మాట దగ్గరికి వెళ్తున్నారు. ఇంట్లో రోజూ బొమ్మలు చూపించండి. పెద్దవిగా, రంగుల్లో. నలుపు తెలుపువి మాత్రం వద్దు. ఒకే బొమ్మ పదే పదే కాకుండా, అదే వస్తువుకి కొత్త బొమ్మలు తీస్తూ ఉండండి” అంది. ఆ అమ్మాయి ఏదో శిక్షణకు నెల రోజులు వెళ్తోందట. తిరిగొచ్చేదాకా పంతులు ఉద్యోగం నాదే.

బయల్దేరుతుంటే, “ఆలస్యం మాత్రం చెయ్యకండి సార్. మొదటి ఆర్నెల్లలో తిరిగొచ్చేదే ఎక్కువ. తర్వాత అసలు రాదని కాదు గానీ...” అంది.

ఆ ‘గానీ’ తర్వాత ఏముందో నేను అడగలేదు. ఇంట్లో ప్రింటర్ ఉందని మాత్రం గొప్పగా చెప్పాను.

జూన్ 4

ప్రెస్సులో ప్రూఫ్‌రీడర్‌గా రిటైరయ్యాక ఇంటి దగ్గరే ప్రూఫులు చూసుకోవచ్చని కొన్న ప్రింటర్ ఇది. నల్ల ఇంకుతోనే పని. రంగుల డబ్బా పెట్టింది పెట్టినట్టే ఉంది. ఇన్నాళ్ళకు దానికీ పని దొరికింది.

టమాటా, క్యారెట్, వంకాయ, గులాబీ పువ్వు. నిగనిగలాడుతూ వచ్చాయి. మా ఆవిడ పక్కన కుర్చీలో కూర్చుని, కాగితం బయటికి వస్తుంటే దాని అంచు పట్టుకుని లాగబోయింది. “ఆగు, చిరుగుతుంది” అన్నాను. ఆగలేదు. నేను చెబితే ఆగే రకం కాదు కదా.

“టమా. టా.” అంది. రెండు ముక్కలుగా. నాకు కచేరీ విన్నట్టుంది.

జూన్ 5

గులాబీ అంది! ‘గు’ దగ్గర కాసేపు నిలబడింది గానీ అంది. అందరూ రెండేసి సెట్లు తీస్తారో లేదో తెలియదు, నేను తీశాను. ఒకటి మాటలు నేర్పే సెంటర్లో ఇచ్చేసి వచ్చాను, టీచరమ్మ వెళ్ళేలోగా చూడాలని. చూసి మెచ్చుకుంది. సొరుగులో దాచుకుంది.

జూన్ 9

ఇంకు అయిపోతోందని ప్రింటర్ దీపం ఒకటే మిణుకుమంటోంది. దుకాణానికి వెళ్ళాను.

“రంగుల డబ్బాలో మూడు గదులుంటాయి మాస్టారూ. నీలం, గులాబీ, పసుపు. ఏ ఒక్కటి ఎండినా మొత్తం మార్చాల్సిందే” అన్నాడు దుకాణం ఆయన.

“మిగతా రెండూ నిండుగా ఉన్నా?”

“ఉన్నా.”

ఒక పన్ను పుచ్చితే నోరంతా పీకేయాలన్నమాట. ధర చెప్పాడు. ప్రింటర్ ధరలో సగం పైమాటే. పావలా కోడికి ముప్పావలా మసాలా అని ఊరికే అన్నారా!

“తీసుకోండి మాస్టారూ. లేకపోతే రంగులు తేడా కొడతాయి.”

“ముప్పై ఏళ్ళు తేడాలు పట్టుకునే పనే చేశానయ్యా. అవి నా కన్ను దాటిపోవు” అని వచ్చేశాను.

పిసినారితనం కాదు. మందులున్నాయి, సెంటర్ ఫీజుంది. ఆవిడ పడ్డప్పటి నుంచి వంటింట్లోకి కూరగాయ రాలేదు, రెండు పూటలా క్యారియర్ భోజనమే. ఇంకు దగ్గర పొదుపు చెయ్యకపోతే ఇంకెక్కడ చేస్తాను?

జూన్ 10

ఉపాయం దొరికింది. ఆపు బొత్తాన్ని కాసేపు నొక్కి పట్టుకుంటే, ఇంకు ఉందా లేదా అని ప్రింటర్ ఇక అడగదట. నొక్కి పట్టుకున్నాను. దీపం ఆరింది. ఒక్క బొత్తాంతో దాని నోరు మూయించాను. ఇంత తేలికని తెలిస్తే నలభై ఏళ్ళ కిందటే

ఛీ. ఏం రాస్తున్నాను! కొట్టేద్దామనుకున్నాను. కానీ ప్రూఫ్‌రీడర్ కొట్టేసిన మాట గీత కింద కనబడుతూనే ఉంటుంది. ఉండనీ.

జూన్ 13

ఇంకో ఉపాయం. చిత్తుప్రతి పద్ధతిలో తీస్తే సగం ఇంకే పడుతుంది. బొమ్మ కొంచెం పలచగా వస్తుంది, అంతే.

ప్రింటర్‌కి ఒక పరీక్ష పేజీ ఉంది. నాలుగు గీతలు పడతాయి: నలుపు, నీలం, గులాబీ, పసుపు. ఇవాళ గులాబీ గీత అక్కడక్కడా తెగింది. శుభ్రం చేసుకోమని చెప్పొచ్చు గానీ, శుభ్రం పేరుతో అది తాగే ఇంకు అంతా ఇంతా కాదు. తడిబట్టతో డబ్బా మూతి తుడిచాను. మళ్ళీ తీస్తే గీత లేతగా కనబడింది. గులాబీ అంటేనే లేత రంగు. బాగానే ఉంది.

జూన్ 16

మరదలు వచ్చింది. మా ఆవిడ చెల్లెలు. అక్కకు తల దువ్వింది, గోళ్ళు తీసింది, నాకు చివాట్లు పెట్టింది. వెళ్ళబోతూ బల్ల మీది బొమ్మలు చూసి నవ్వింది.

“ఏంటి బావా, వీటన్నిటికీ కామెర్లొచ్చినట్టున్నాయి?”

“పచ్చకామెర్ల వాళ్ళకి లోకమంతా పచ్చగానే కనబడుతుందిలే” అన్నాను.

“అబ్బో! మాటకి మాట బాకీ ఉంచవు కదా” అంది. అక్కాచెల్లెళ్ళిద్దరిదీ ఒకే నోరు. వాళ్ళ నాన్న దగ్గరే నేర్చుకుని ఉంటారు.

అది వెళ్ళాక ఇల్లు మళ్ళీ చప్పబడిపోయింది.

జూన్ 18

ఇవాళ కొత్త టమాటా బొమ్మ తీసి చూపించాను. చూసింది. “ని... నిమ్మ” అంది.

“కాదు. టమాటా.”

“నిమ్మ.”

“టమాటా. నువ్వే కదా అన్నావ్ మొన్న? ఏదీ, టమా...”

అరచేత్తో బల్ల మీద కొట్టింది. “నిమ్మ!”

క్యారెట్ చూపిస్తే అరటి అంది. గులాబీ చూపిస్తే తల అడ్డంగా ఊపింది. వచ్చిన మాటలు కూడా పోతున్నాయి. నా కళ్ళ ముందే పోతున్నాయి. ఆర్నెల్లలో ఎంత గడిచిపోయిందో లెక్క వేయడం మానేశాను.

జూన్ 19

నిమ్మ.

జూన్ 20

ఇవాళా నిమ్మే. మాట పోయింది గానీ మొండితనం పోలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మా వీధి తలుపు రంగు గురించి ఈ ఇంట్లో దిగిన రోజు నుంచీ దెబ్బలాటే. అది నీలమని నేను, ఆకుపచ్చ అని తను. రంగులు వేసే వాణ్ణి పిలిపించి అడిగితే, వాడు మా ఇద్దరి మొహాలూ చూసి “ఎలాగంటే అలాగేనండి” అని జారుకున్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు రంగు వేయించినా ఆవిడ పాత డబ్బా ఇచ్చి పంపి అదే తెప్పించేది. పోట్లాట మారకూడదని కాబోలు.

“ఏవండీ, కళ్ళు పెట్టి చూడండి, అది ఆకుపచ్చ” అనేది. ఇవాళ ఆ ‘ఏవండీ’ ఒక్కటి వినిపిస్తే తలుపు ఆకుపచ్చే అని రాసిచ్చేస్తాను.

జూన్ 22

ఒక చిన్న ఆశ. టమాటా చూసి ఇవాళ నిమ్మ అనలేదు. వేలితో బొమ్మను పొడుస్తూ “పచ్చి, పచ్చి” అంది. చివరి అక్షరం మింగేస్తుంది గానీ అర్థమైంది. పచ్చి కాయ అంటోంది! అంటే టమాటా అని లోపల తెలుసన్నమాట.

“పచ్చి కాదోయ్, పండు. బాగా పండిన టమాటా” అన్నాను.

బొమ్మ తీసి నా మొహానికి దగ్గరగా పెట్టింది. మళ్ళీ అదే మాట. “పండు” అన్నాను నేను. ఇంకా దగ్గరగా పెట్టింది, కాగితం నా ముక్కుకు తగిలింది. ఆ మొండి చూపు చూస్తే నవ్వొచ్చింది. నవ్వాను. ఆవిడ నవ్వలేదు. కాగితం చేతిలోంచి జారవిడిచింది.

జూన్ 25

టీచరమ్మ ఇంటి వాళ్ళ ఫొటోలు కూడా చూపించమని చెప్పి వెళ్ళింది. నాది తీశాను. ప్రెస్సులో సన్మానం చేసినప్పటిది, నవ్వుతూ ఉంటాను.

“ఎవరు?”

చాలాసేపు చూసింది. కళ్ళలో దిగులు. “జబ్బు” అంది.

“జబ్బు కాదు. నేను. నేనెవర్ని?”

“జబ్బు” అని ఫొటో మీద నుదుటి దగ్గర చెయ్యి పెట్టింది, జ్వరం చూసినట్టు.

నన్ను కూడా మరిచిపోయింది. నేనంటే ఆవిడకు ఇప్పుడు తన జబ్బే. బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొచ్చాక ఆ నీళ్ళు గుర్తొచ్చి, ఇంకు దగ్గర పొదుపు చేసేవాడు కుళాయి దగ్గర చెయ్యడన్నమాట అనుకున్నాను.

జూన్ 27

ప్రెస్ మేనేజర్ ఫోన్. మొన్న నేను చూసిన ప్రూఫుల్లో బోలెడు తప్పులు మిగిలిపోయాయట.

“మీరు చూశాక మళ్ళీ చూడక్కర్లేదనుకునేవాళ్ళం మాస్టారూ. కళ్ళేమైనా...”

“కళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి” అన్నాను. శుక్లాలు ముదురుతున్నాయని కంటి డాక్టర్ అన్న మాట నిజమే. ఆపరేషన్ చేయించుకుని నేను కళ్ళకు గంతలు కట్టుకుని కూర్చుంటే ఆవిడకు మంచినీళ్ళెవరిస్తారు? అయినా తప్పంతా కంపోజింగ్ వాడిది. తన కంపోజింగ్ తనే ప్రూఫు చూసుకుని నాకు పంపుతాడు. నేను చేరిన కొత్తలో మా ఫోర్‌మన్ పెద్దాయన చెప్పేవాడు: “సొంత కంపోజింగ్‌కి సొంత ప్రూఫు చూడకూడదురా. ఉన్నది కనబడదు. ఉండాల్సింది కనబడుతుంది.” ఈ కాలం వాళ్ళకు ఇవన్నీ ఎవరు చెబుతారు!

జూన్ 29

అంది! టమాటా అంది!

పొద్దున బొమ్మ పెట్టాను. బొమ్మ చూసింది, నన్ను చూసింది. నేను పెదవులు కదిపాను, అంతే. “టమాటా” అంది. ముక్కలు చెయ్యకుండా. క్యారెట్ చూపిస్తే క్యారెట్. గులాబీ. వంకాయ. నా ఫొటో చూపించి “జబ్బా?” అంటే, తల అడ్డంగా ఊపింది.

గుడ్ అన్నాను, శభాష్ అన్నాను, ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇన్నేళ్ళలో నా మాట మొదటిసారి ఒప్పుకుంది మహాతల్లి! టీచరమ్మ వచ్చేదాకా ఆగలేను.

జూలై 1

ఒక్క తప్పు లేదు. నేను తీసిన ప్రతి బొమ్మకూ సరైన మాట. బల్ల మీద కొట్టడం మానేసింది. బుద్ధిగా కూర్చుంటుంది. పరీక్ష పేజీ తీస్తే గులాబీ గీత పడాల్సిన చోట తెల్లగా ఉన్నట్టుంది, బల్బు వెలుతురు సరిగ్గా లేదు. మాటలు వస్తున్నాయి, గీతతో నాకేం పని?

జూలై 4

రాయాలని లేదు. రాస్తాను.

టీచరమ్మ నిమ్మకాయ బొమ్మ చూపించింది. సెంటర్ వాళ్ళ బొమ్మ. మా ఆవిడ నా వైపు తిరిగి చూసి, గట్టిగా, “టమాటా” అంది.

అరటిపండు చూపించింది. “క్యారెట్.” చెప్పి నా శభాష్ కోసం చూసింది.

“నేను వెళ్ళేముందు ఇవి వచ్చేవి కదా సార్” అంది టీచరమ్మ. “ఇంట్లో చూపించిన బొమ్మలు తెచ్చారా?”

తెచ్చాను. గొప్పగా సంచి నిండా తెచ్చాను. టమాటా బొమ్మ తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. నన్ను పిలిచింది.

“ఇదేంటి సార్?”

“టమాటా.”

“ఏం రంగు?”

“ఎరుపు. టమాటా ఎరుపు కాక ఇంకేముంటుందమ్మా?”

ఆ అమ్మాయి సొరుగులోంచి ఇంకో కాగితం తీసి పక్కన పెట్టింది. నేనిచ్చిందే, జూన్ మొదట్లో, డబ్బా నిండుగా ఉన్నప్పుడు తీసిన టమాటా. ఎండ సూటిగా పడుతోంది. అది ఎరుపు. నేను ఇన్నాళ్ళూ చూపించింది పసుపు. పసుపుపచ్చ. పక్కపక్కన పెడితే నా కళ్ళకు కూడా కనబడింది. ఆ పక్కన క్యారెట్ పసుపు. గులాబీ పసుపు. నవ్వుతున్న నా మొహం పాకుడు పట్టిన గోడలా ఆకుపచ్చగా ఉంది.

“ఆంటీ దీన్ని చూసి మొదట ఏమన్నారు సార్?”

“నిమ్మ అంది.”

“మీరేమన్నారు?”

చెప్పక్కర్లేకపోయింది. టీచరమ్మ మా ఆవిడ చెయ్యి పట్టుకుని, “మీరు చెప్పింది కరెక్టేనమ్మా. నిమ్మే” అంది. మా ఆవిడ ఆ మాట నిజమా కాదా అని నా వైపు చూసింది.

ఆర్నెల్ల సంగతి ఆ అమ్మాయి ఎత్తలేదు. “మళ్ళీ మొదట్నుంచీ మొదలుపెడదాం సార్. మీరు ముందు కళ్ళు చూపించుకోండి” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

జూలై 5

పచ్చి అనలేదు. పచ్చ అంది. పచ్చగా ఉందిరా మొద్దూ అని కాగితం నా ముక్కుకు ఆనించి మరీ చెప్పింది. ‘చ్చ’కు లేని గుడి నేను పెట్టాను.

జూలై 7

ఇంకు డబ్బా కొన్నాను. దుకాణం ఆయన, “ఇన్నాళ్ళు ఎలా నెట్టుకొచ్చారు మాస్టారూ?” అన్నాడు. నెట్టుకొచ్చానని చెప్పాను.

పరీక్ష పేజీలో నాలుగు గీతలూ పడ్డాయి. ఆ గులాబీ గీతను చూస్తూ కూర్చున్నాను. ఇంత ముదురు రంగని తెలియదు.

బజారుకెళ్ళి నిజం టమాటాలు, నిజం నిమ్మకాయలు కూడా తెచ్చి పళ్ళెంలో పెట్టాను. ఎన్నాళ్ళకో వంటింట్లోకి కూరగాయ వచ్చింది. నిమ్మకాయ చేతికిచ్చి “ఇదేంటి?” అన్నాను. ఆవిడ నిమ్మకాయ వైపు చూడలేదు. నా మొహం చూసింది. నా పెదవులు చూసింది. నేనేం అనిపించుకోవాలనుకుంటున్నానో వెతికింది.

“నువ్వే చెప్పు. నీకేం కనబడుతోంది?” అన్నాను.

“టమాటా?” అంది, భయం భయంగా. మా ఆవిడ. భయం భయంగా!

జూలై 8

చేతులు జోడించాను. తప్పు నాదే అన్నాను. అర్థమైందో లేదో. నా చేతులు పట్టుకుని కిందికి దించింది.

జూలై 10

వీధి తలుపు దగ్గరికి నడిపించుకెళ్ళాను. “ఇదేం రంగు?” అని, నా మొహం కనబడకుండా గోడ వైపు తిరిగాను. ఆవిడ నా ముందుకొచ్చి నిలబడింది, మొహం కోసం.

“నీలం కదూ?” అన్నాను. ఏ అబద్ధానికి తలూపినా, ఈ ఒక్కదానికి ఒప్పుకోదని నా నమ్మకం. బల్ల మీద కొట్టినట్టు తలుపు మీద కొట్టాలి. ఏవండీ అని మొదలుపెట్టాలి.

“అవును” అంది.

“కాదులే. నువ్వన్నదే నిజం. ఆకుపచ్చ.”

“అవును.” అంతే మెత్తగా.

జూలై 13

మరదలు వచ్చింది. “అక్క ఎంత నెమ్మదైపోయింది బావా” అంది. ఆ రోజు కామెర్లన్నావు చూడు అని చెప్పబోయి చెప్పలేదు. అక్క ఒళ్ళో తల పెట్టుకుని అదే ఏడ్చింది.

జూలై 15

రోజూ కావాలని ఒక తప్పు చెబుతున్నాను. పాలు నల్లగా ఉంటాయి కదూ అన్నాను. కాకి తెల్లన కదూ అన్నాను. నేను అందగాణ్ణి కదూ అన్నాను. ఈ మాటకి ఆవిడ ఎప్పుడూ పడీ పడీ నవ్వేది. అన్నిటికీ అవుననే అంది. టీచరమ్మ ఓపిక పట్టమంటోంది. నాకు మాటలు వద్దు. ఒక్క ‘కాదు’ వస్తే చాలు.

జూలై 18

ప్రింటర్ బాగా పనిచేస్తోంది. రంగులన్నీ సరిగ్గా పడుతున్నాయి. పొద్దున నా ఫొటో మళ్ళీ తీశాను. మొహం మొహంలాగే వచ్చింది. పక్కన పెట్టుకుని కూర్చున్నాం.

“నేను నీకు చెప్పినవన్నీ నిజమే కదూ?” అని అడిగాను.

ఫొటో వైపు చూడలేదు. నా మొహం చూసి, అవునంది.